మహేంద్రగిరి పాత కాలిబాట: దారి చూపే సేవ ఎలా ఉంది?

ఒడిశాలోని గజపతి జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక కొండపల్లె నుంచి నలుగురైదుగురు సవర గిరిజన యువకులు కొంతకాలంగా మహేంద్రగిరి శిఖరానికి పాత కాలిబాట మీదుగా మనుషులను నడిపించి తీసుకువెళుతున్నారు. వారికి బోర్డు లేదు, రసీదు పుస్తకం లేదు, ఫోనులో వెతికితే దొరికే పేజీ కూడా లేదు; పర్లాకిమిడి, మందస, సోంపేట ప్రాంతాల్లో నడక మీద మోజున్నవారి మధ్య నోటిమాటగా వ్యాపించిన సేవ ఇది. కొండ మీదికి మోటారు రోడ్డు ఉండగా డబ్బిచ్చి మరీ తుప్పల్లో దూరడం దేనికని అనుకునేవారితో నాకు పేచీ లేదు, వారు రోడ్డునే వెళ్ళవచ్చు. కాలినడకనే ఎక్కాలని ఉండి, ఎవరిని నమ్ముకుని బయలుదేరాలో తేల్చుకోలేనివారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూసుకుపోయిన బాటను పట్టుకోవడంలో ఈ యువకుల నేర్పుకు నేను పూర్తి మార్కులు వేస్తాను. నీరు, మందులు, వేళ పాటించడం వంటి మిగిలిన విషయాల్లో మాత్రం వారి మీద ఆధారపడకూడదు.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. కొరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు కనుక కాగితం మీద ఇది దానికంటే చిన్నదే. కాని దేవమాలి సుమారు 900 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీద నిలిచిన కొండ. మహేంద్రగిరి సముద్రానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, దాదాపు మైదానం మట్టం నుంచే లేచిన కొండ. అందువల్ల తూర్పు వాలున ఎక్కేవారు వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తును అంతా తమ కాళ్ళతోనే సంపాదించుకోవాలి. ఈ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ తూర్పుకు పారి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడల్లా ఈ వాలు మీద కుండపోతగా కురుస్తుంది. చెట్టూ చేమా ఇక్కడ పట్టపగ్గాలు లేకుండా పెరగడానికి అదే మూలం.

బాట ఎందుకు మూసుకుపోయిందో తెలిస్తే తప్ప ఈ సేవకు ఇచ్చే డబ్బు దేనికో అర్థం కాదు. ఒకప్పుడు శివరాత్రి యాత్రికులు, సంతకు దిగే కొండవాళ్ళు, పశువుల కాపరులు, కొండచీపుర్లు కోసుకునేవారు అందరూ ఈ ఒక్క బాటనే తొక్కేవారు. వాహనాలు పోయే రోడ్డు పడ్డాక యాత్రికులు అటు మళ్ళారు, సరుకు మోసేవారూ అటే మళ్ళారు. ఆ తరువాత 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి నేరుగా ఈ కొండల మీదికి వచ్చింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొండవాలు మీద పెద్ద చెట్లు కూలిన చోట్ల నేలకు ఒక్కసారిగా ఎండ తగిలింది. నీడలో అణిగి ఉన్న లంటానా కంపకు అంతకన్నా కావలసింది లేదు. పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళలో పూల అందం కోసం అమెరికా ఖండం నుంచి కలకత్తా తోటకు తెచ్చిన మొక్క, ఇవాళ మన కొండల్లో మనిషెత్తున అల్లుకుని, కాలు పెట్టే సందు లేకుండా చేసింది. చరియ విరిగిన చోట బాట అసలే లేదు. చెట్టు కూలిన చోట బాట ఉన్నా కంటికి కనిపించదు. ఈ రెండింటికీ తేడా గుర్తుపట్టడమే ఇక్కడ దారి చూపేవారి విద్య.

వారిని కలుసుకోవడం కష్టం కాదు, కాని తొందరపడితే కుదరదు. ముందురోజే పల్లెకు వెళ్ళి వార్డు మెంబరును అడిగితే ఆయన కబురు పంపుతారు. రేటు మనిషికి ఇంత అని కాక జట్టుకు ఇంత అని చెబుతారు. మా దగ్గర దారి చూపే ఇద్దరికి కలిపి 1,500 రూపాయలు అడిగారు, బేరం ఆడవలసినంత ఎక్కువగా నాకు అనిపించలేదు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కత్తి పట్టుకుని కంప నరుకుతూ కొండ ఎక్కే పనికి అంతకు తక్కువ ఇవ్వడం న్యాయం కూడా కాదు. భాష విషయంలో తెలుగువారికి ఇబ్బంది లేదు. వీరు ఇంట్లో సవర, బడిలో ఒడియా, సంతలో తెలుగు మాట్లాడి పెరిగినవారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలోనే ఆ భాష నేర్చుకున్నారన్న సంగతి మన ప్రాంతం వారికి కొత్తది కాదు. అయినా నూరేళ్ళు దాటిన తరువాత కూడా మనలో సవర నాలుగు ముక్కలు వచ్చినవారు అరుదు, మన తెలుగు నేర్చుకున్న భారమంతా వారిదే. ఒక లోటు ఇక్కడే చెప్పాలి. ఒడిశా ప్రభుత్వం 2022లో మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. అడవిలో రాత్రి ఉండాలన్నా, నిప్పు రాజేయాలన్నా అటవీ సిబ్బందిని ముందుగా అడగడం మంచిది. ఈ యువకులు ఆ ప్రస్తావనే తేరు. అడగవలసిన బాధ్యత వెళ్ళేవారిదే అని గుర్తుంచుకోవాలి.

మొదటి అంచె గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జీడితోటల గట్ల మీద, ఎండిన గెడ్డ (కొండవాగు) పక్కన, బండ్లదారి వెంట నడక సాగుతుంది. దారి చూపేవారు లేకున్నా ఇక్కడిదాకా ఎవరైనా రాగలరు. జీడిపండ్లు రాలే కాలంలో, ఇప్పపూలు రాలే వేళల్లో ఎలుగుబంట్లు ఈ తోటల్లోకే దిగుతాయి. ఉద్దానం, మందస, సోంపేట ప్రాంతాల్లో మనుషుల మీద దాడులు జరిగిన సందర్భాలు తరచు వింటున్నదే. మా ముందు నడిచిన యువకుడు తోట దాటేదాకా గట్టిగా మాట్లాడుతూ, అప్పుడప్పుడూ కర్రతో మోడును కొడుతూ నడిచాడు. అది అలవాటు కొద్దీ చేస్తున్న చప్పుడు కాదు. ఎలుగుకు చూపు తక్కువ. దగ్గరకు వచ్చేదాకా మనిషి ఉనికి తెలియకపోతే బెదిరి మీద పడుతుంది. ముందే చప్పుడు వింటే తప్పుకుని పోతుంది. ఈ విషయంలో వారి జాగ్రత్తను మెచ్చుకోకుండా ఉండలేను.

అసలు పరీక్ష రెండో అంచెలో మొదలవుతుంది. గెడ్డ విడిచి వాలు మీదికి తిరగగానే బాట కనుమరుగవుతుంది. ఎదురుగా లంటానా గోడ, దాని మీద అడ్డతీగ అల్లిక, సందుల్లో వెదురు. పది అడుగుల అవతల ఏముందో తెలియదు. రాజస్థాన్‌లోని ఆరావళి వంటి పొడి కొండల్లో దారి తప్పినవాడికి కనీసం నాలుగు దిక్కులూ కనిపిస్తాయి, తాను ఎక్కిన గట్టు ఏదో, దిగవలసిన లోయ ఏదో చూసి తెలుసుకోగలడు. ఇక్కడ ఆ సదుపాయం లేదు. నా ఫోనులో ముందుగా దింపుకున్న పటం ఉంది; సిగ్నలు లేకపోయినా ఉపగ్రహాల ఆధారంగా మనం ఉన్న చోటు చూపిస్తుంది కనుక అది పనికిరాదని అనను. అయితే దట్టమైన ఆకుల కింద, రాతిగోడల పక్కన ఆ చుక్క పది ఇరవై మీటర్లు అటూ ఇటూ జరుగుతుంది. మైదానంలో ఇరవై మీటర్ల తప్పు తప్పే కాదు. ఈ వాలు మీద ఇరవై మీటర్లు పక్కకు పోతే మనిషి బాటకు బదులు చరియ విరిగిన గుంటలో తేలుతాడు. పటం మీద చుక్కల గీతగా కనిపించిన బాటకు, మేము నడిచిన బాటకు చాలాచోట్ల పొంతన లేదు. పటం కొండ ఆకారాన్ని సరిగ్గానే చెబుతుంది, ఏ గట్టు ఎక్కడ విరుగుతుందో, ఏ గెడ్డ ఎటు పారుతుందో దాని మాట నమ్మవచ్చు. బాట సంగతి అలా కాదు, అది తొక్కే కాళ్ళను బట్టి ఏటేటా మారుతుంది.

వీరు బాటను ఎలా పట్టుకుంటారో వెనక నుంచి గమనించడం ఈ నడకలో నాకు దక్కిన అసలు లాభం. మొదటి ఆనవాలు కాలికి తెలుస్తుంది. పాత బాట వాలును అడ్డంగా కోస్తూ పోతుంది కనుక, మట్టి జారకుండా కింది అంచున ఎవరో ఏనాడో రాళ్ళు పేర్చారు. పైన కంప ఎంత కప్పినా అడుగున ఆ రాళ్ళ వరస చెక్కుచెదరదు. ముందు నడిచే యువకుడు కంపలోకి కర్ర దూర్చి, అడుగును తడిమి, రాయి తగిలితేనే కత్తి ఎత్తుతాడు. రెండో ఆనవాలు లంటానాలోనే ఉంది. ఒకసారి నరికిన మొదలు నుంచి ఈ మొక్క ఒక్క కొమ్మగా లేవదు, గుత్తిగా నాలుగైదు పిలకలు వేస్తుంది. మోకాలెత్తున అలా గుత్తులు వేసిన మొదళ్ళు వరుసగా కనిపిస్తే, కొన్నేళ్ళ కిందట ఎవరో కత్తితో ఇటు నడిచారని అర్థం. మూడోది జీలుగు చెట్టు. కల్లు గీసే జీలుగుకు ఎక్కడానికి వీలుగా వెదురు గెడ కట్టి ఉంటుంది, ఆ గెడ పచ్చిగా, కట్టు కొత్తగా ఉంటే ఆ చెట్టు దగ్గరకు రోజూ ఒక మనిషి వస్తున్నట్టే, అతడు వచ్చే సన్నదారి అక్కడి నుంచి ఎటో ఒకవైపు ఉండి తీరుతుంది. నడుము కింద తెరిచి ఉండి పైన మూసుకున్న సందులను మాత్రం వారు ఎంత సులువుగా కనిపించినా పట్టించుకోలేదు. "అది పంది దారి బాబూ, మనం దూరితే గెడ్డలోకి పోతాం" అని ముందు నడిచే యువకుడు ఒకసారి చెప్పి, మళ్ళీ అడిగే అవసరం లేకుండా చేశాడు.

కత్తి వాడకంలో ఒక మెప్పు, ఒక ఆక్షేపణ ఉన్నాయి. అనవసరంగా నరకరు. వంచి పోగలిగిన కొమ్మను వంచుతారు, లేత చెట్టును ముట్టుకోరు, వెదురు దుబ్బును చుట్టి పోతారు. ఆక్షేపణ ఏమిటంటే, నరికిన చోట ఏటవాలుగా నరుకుతారు. నడిచే ఊపులో వేసే దెబ్బ అలాగే పడుతుంది. ఆ మొదళ్ళు ఈటె మొనల్లా పిక్కల ఎత్తున నిలబడతాయి. ఎక్కేటప్పుడు కనిపిస్తాయి కనుక ప్రమాదం లేదు. దిగేటప్పుడు కాలు జారితే అవి కండలో దిగుతాయి. నేల మట్టానికి నరకమని చెబితే విన్నారు, కాని ప్రతి జట్టూ చెప్పాలని ఆశించకుండా వారే ఈ పద్ధతి అలవాటు చేసుకోవాలి. పలచటి బట్టతో కుట్టిన ప్యాంట్లు, అంచు తక్కువ బూట్లు ఈ బాటకు పనికిరావు. దళసరి నూలు ప్యాంటు, చీలమండ దాటి వచ్చే బూటు, నిండు చేతుల చొక్కా, తోలు లేదా దళసరి గుడ్డ చేతితొడుగులు తప్పనిసరి అని వారు ముందురోజే చెప్పి ఉంటే బాగుండేది. రబ్బరు చెప్పులతో నడిచేవారికి మన బూట్ల గురించి చెప్పాలని తోచకపోవడం సహజమే అనుకోండి.

వేళ గురించి వారు చెప్పే మాటను యథాతథంగా తీసుకోకూడదు. "మధ్యాహ్నానికి పైనుంటాం" అంటారు. అది వారు ఒంటరిగా, ఖాళీ చేతులతో ఎక్కినప్పటి లెక్క. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటి నడకవారు ఇప్పటికీ వాడుతున్నారు. ఐదు కిలోమీటర్ల దూరానికి ఒక గంట, దానికి తోడు ఆరు వందల మీటర్ల ఎత్తుకు మరొక గంట అని ఆ లెక్క. మంచి బాట మీద ఆ ప్రకారం చూస్తే మహేంద్రగిరి సగం పూటలో అందే కొండే. మూసుకుపోయిన బాట మీద ఆ లెక్క పనిచేయదు. కంప అంచెలో గంటకు ఒక కిలోమీటరు సాగితే బాగా సాగినట్టు. మేము శిఖరం చేరేసరికి పొద్దు పడమటికి వాలింది, అందువల్ల పైన గడపవలసిన సమయం సగానికి తగ్గింది. తెల్లవారక ముందే బయలుదేరుదామంటే ఎలుగుల వేళ అని ఒప్పుకోరు, అది సబబే. కాబట్టి వెలుగు రాగానే కదలాలి. మా వాళ్ళు వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఈ ఆలస్యం ఒక్కటి సరిదిద్దుకుంటే వారి సేవ స్థాయి మారిపోతుంది.

పైకి వెళ్ళేకొద్దీ అడవి పలచబడి, గడ్డి, చిట్టీత పొదలు, బండలు వస్తాయి. తూర్పు కనుమల్లో తరచు కనిపించే ఖొండలైటు వంటి పాత రాయి ఇక్కడ గుండ్రటి దిమ్మెలుగా, పెచ్చులూడే పలకలుగా తేలి ఉంటుంది. ఆ రాతిలోని గార్నెట్ అనే ఖనిజపు రేణువులు ఎండకు ఎర్రగా మెరుస్తాయి. ఫిబ్రవరి దాటాక గడ్డి ఎండి, కొన్నిచోట్ల కాలి, బూటు కింద బూడిద లేస్తుంది. నీడ అనేది లేదు, గెడ్డలు ఎండిపోతాయి, బండ సెగ మొహానికి కొడుతుంది. కింద చూపు ఆనని చిట్టడవి దాటి వచ్చినవాడికి ఇది ఎడారి కొండలాగే తోస్తుంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది కనుక, కింద 36 డిగ్రీలుంటే శిఖరం మీద 27 ఉండవచ్చు. ఆ చల్లగాలి మనిషిని మోసం చేస్తుంది. చెమట వెంటనే ఆరిపోవడంతో ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు.

నీటి ఏర్పాటులోనే ఈ సేవ అన్నిటికంటే బలహీనంగా ఉంది. ఎండలో ఎక్కే మనిషికి గంటకు అర లీటరు నుంచి, ఎండ మరీ ముదిరితే లీటరు దాకా నీరు కావాలి. రోజంతా సాగే నడకకు మనిషికి నాలుగు లీటర్లకు తక్కువ కాకుండా మోసుకుపోవాలి. దారి చూపేవారు ఆనపబుర్రలో చోడి (రాగి) అంబలి తెచ్చుకుంటారు, అది తాగి సాయంత్రం దాకా నడవగలరు, మనకూ పోస్తారు. అంబలి పుల్లగా, చల్లగా, నడకలో తాగడానికి ఎంతో హాయిగా ఉందని చెప్పాలి. కాని "పైన చెలమ ఉంది" అన్న వారి మాట నమ్మి సీసాలు సగం నింపుకుని వెళితే కష్టం. చెలమ ఉన్న మాట నిజమే, అందులో మేము చూసినప్పుడు దోసెడు నీరు, దాని చుట్టూ పశువుల గిట్టల గుర్తులు ఉన్నాయి. ఆ నీరు తాగవలసి వస్తే గుడ్డతో వడకట్టి, క్లోరిన్ బిళ్ళ వేసి, కనీసం అరగంట ఆగాలి. బిళ్ళలు వారి దగ్గర ఉండవు. పర్లాకిమిడిలోనో పలాసలోనో మందుల దుకాణంలో కొనుక్కుని బయలుదేరాలి.

ప్రథమ చికిత్స సంచి కూడా వారి దగ్గర లేదు, విజిల్ లేదు. ఒక చోట జట్టు రెండుగా చీలింది. ముందు నడిచేవాడు తన వేగంలో తాను వెళ్ళాడు, వెనకవారికి నరికిన దారి కనిపించక ఆగవలసి వచ్చింది, కేకలు వేసి మళ్ళీ కలుసుకునేసరికి చాలాసేపు పట్టింది. ఇద్దరు దారి చూపేవారిలో ఒకరు ఎప్పుడూ అందరికంటే వెనక నడవాలన్న నియమం ఒక్కటి పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవు. పాముల విషయం మరీ ముఖ్యం. మన ఆసుపత్రుల్లో దొరికే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర అనే నాలుగింటి విషానికి చేసినది. గిరినాగుకు గాని, వెదురు దుబ్బుల్లో పచ్చగా కలిసిపోయే వెదురు పింజరకు గాని అది ఉద్దేశించినది కాదు. కాటు పడితే చేయవలసింది, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టెతో కట్టి, మనిషిని నడవనివ్వకుండా మోసుకుని ఆసుపత్రికి దింపడం. కోయకూడదు, పీల్చకూడదు, గట్టిగా తాడు బిగించకూడదు. ఎవరైనా పడిపోతే ఎలా దింపుతారని నేను అడిగినప్పుడు, రెండు వెదుర్లు నరికి దుప్పటి కట్టి డోలీ వేస్తామన్నారు. ఊళ్ళో గర్భిణులను, రోగులను అలా మోసిన అనుభవం వారికి ఉంది. ఆ జవాబు నాకు ఏ ప్రథమ చికిత్స సంచి కంటే ఎక్కువ ధైర్యాన్నిచ్చింది, అయితే అది సంచికి బదులు కాదు.

కంపలో నడిచేవారు తెలుసుకోవలసిన మరొక సంగతి స్క్రబ్ టైఫస్ జ్వరం. పొదల్లో ఉండే, కంటికి ఆనని మైట్ అనే పురుగుల పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట చాలామందికి సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. జ్వరం వెంటనే రాదు, వారం పది రోజులకు మొదలవుతుంది, అప్పటికి కొండ ఎక్కిన సంగతి మనిషికే గుర్తుండదు. డాక్టరుకు అడవిలో తిరిగిన మాట చెబితే డాక్సీసైక్లిన్ వంటి మామూలు మందుతోనే నయమవుతుంది, చెప్పకపోతే జబ్బు ముదిరి ప్రాణం మీదికి తెస్తుంది. దక్షిణ ఒడిశా కొండల్లో మలేరియా భయం కూడా ఉంది కనుక రక్తపరీక్షలో రెండూ చూడమనాలి. దిగిన రోజు రాత్రే బట్టలన్నీ వేడినీళ్ళలో వేసి, సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని స్నానం చేయడం తేలికైన జాగ్రత్త.

శిఖరం దగ్గరి గుళ్ళ గురించి చాలామంది రాశారు కనుక నేను పెంచను. భీముడు, యుధిష్ఠిరుడు, కుంతి పేర్లతో పిలిచే మూడు రాతి గుళ్ళు వేర్వేరు ఎత్తుల్లో ఉన్నాయి. భీముడి గుడి చిన్నదే, కాని దాన్ని కట్టిన రాతి దిమ్మెలు చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో అడగనవసరం లేదు. తూర్పు గాంగ రాజులు తమ శాసనాల్లో మహేంద్రగిరి మీద వెలసిన గోకర్ణస్వామిని కులదైవంగా కొలిచారు. చోళులు ఇంత దూరం వచ్చి, సంస్కృతంలోనూ తమిళంలోనూ విజయశాసనం చెక్కించి, దాని పక్కన పులి, చేపల గుర్తులు వేయించి వెళ్ళారు. మా దారి చూపేవారికి భీముడి కథలు తెలుసు, శాసనం సంగతి తెలియదు. దానికి నేను మార్కులు తగ్గించను. వారిని పెట్టుకున్నది దారి కోసమే. ఆకాశం తేటగా ఉంటే అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా ఆ అవకాశం ఎక్కువ. శివరాత్రికి రోడ్డు మీదుగా వచ్చే జనం కిటకిటలాడతారు కనుక ఏకాంతం కోరేవారు ఆ వారం తప్పించాలి. వానాకాలంలో ఈ బాటను అసలు తలపెట్టకూడదు. జలగలు ఒక కారణం, తిత్లీ తరువాత వదులైన చరియలు అంతకంటే పెద్ద కారణం.

దిగడానికి రెండు మార్గాలు. ఎక్కిన బాటనే దిగితే నరికిన దారి తెరిచి ఉంటుంది కనుక వేగంగా సాగుతుంది, కాని పైన చెప్పిన మొనలు, పొద్దు తక్కువ, మోకాళ్ళ అలసట మూడూ కలుస్తాయి. యాభై దాటినవారికి, మోకాళ్ళు నొచ్చేవారికి రోడ్డు మీదుగా దిగడమే మంచిదని నా సలహా. పైన రోడ్డు ముగిసే చోట జీపు ఉంటుందని దారి చూపేవారు అంటారు గాని, అది వారి చేతిలో లేని మాట. సంత రోజున జీపులన్నీ సరుకు మీదే ఉంటాయి. జీపు డ్రైవరుతో ముందురోజే స్వయంగా మాట్లాడుకుని, వేళ కూడా సాయంత్రానికి పెట్టుకోవాలి, మధ్యాహ్నానికి పెట్టుకుంటే అతడు చూసి చూసి వెళ్ళిపోతాడు. దారి చూపిన ఇద్దరూ ఆ జీపులో మనతో రారు, చీకటి పడేలోగా పాత బాటనే ఇంటికి దిగిపోతారు. కనుక వారి డబ్బు పైనే ఇచ్చేయాలి. ఫోను ద్వారా పంపడానికి అక్కడ సిగ్నలు నిలవదు, నోట్లు, అందులోనూ చిల్లర నోట్లు, వెంట ఉంచుకోవాలి.